సైకిల్‌కి జీపీఎస్ కొనాలా, ఫోన్ చాలా? జియోకాషింగ్ మన వైపు కుదురుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయనగరంలో ఉంటున్నారు, ఆదివారాలు ఇద్దరు ముగ్గురితో కలిసి రామతీర్థం, తాటిపూడి, చింతపల్లి బీచ్ వైపు సైకిల్ తొక్కుతున్నారు. ఒకే దారిలో వెళ్లి వచ్చినా మీ ఫోన్ 62 కిలోమీటర్లు అంటే స్నేహితుడి వాచ్ 63.1 అంటోంది, ఎక్కిన ఎత్తు అయితే మీకు 180 మీటర్లు, ఆయనకి 410. ఇది కాక జియోకాషింగ్ గురించి, అంటే జీపీఎస్‌తో చోటు చూసుకుని ఎవరో దాచిన డబ్బా వెతికే ఆట గురించి, ఎక్కడో చదివారు, అదీ చేద్దామనుంది. చేతిలో 15,000 ఉన్నాయి, ఏ పరికరం కొనాలి అని అడిగారు.

ఇప్పుడే ఏదీ కొనకండి. నేను శ్రీకాకుళంలో ఉంటాను, ఫోను, హ్యాండిల్‌కి బిగించే సైకిల్ కంప్యూటరు, చేత్తో పట్టుకునే గార్మిన్ కంపెనీ జీపీఎస్ మూడూ ఏళ్లుగా వాడుతున్నాను, ఇప్పటికీ చాలా రైడ్‌లకి ఫోనే తీసుకెళ్తాను. ఖరీదు పెరిగేకొద్దీ తప్పు పోతుందని అందరూ అనుకుంటారు గానీ పోదు, కొంత తగ్గి వేరే చోటికి మారుతుంది అంతే. మీ పరికరం ఎక్కడ తప్పు చెప్తుందో తెలిస్తే ఇప్పుడున్న ఫోన్‌తోనే చాలా పని జరుగుతుంది, తెలియకపోతే నలభై వేలు పెట్టి కొన్నది హ్యాండిల్‌కి బిగించుకుని కూడా వంశధార ఇసకలో సైకిల్ మోసుకుంటూ నడుస్తారు.

ముందు ఆ దూరం తేడా సంగతి. జీపీఎస్ పరికరం దూరాన్ని కొలవదండీ. సెకనుకో, కొన్ని సెకన్లకో ఒక చుక్క పెడుతుంది, చుక్కకీ చుక్కకీ మధ్య గీత గీసి ఆ గీతల పొడవులన్నీ కూడుతుంది. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ పెట్టే చుక్క అసలు చోటుకి 4.9 మీటర్ల లోపు ఉంటుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సైటే చెప్తుంది, అంటే ఆ మాత్రం అటూ ఇటూ మామూలే. మీరు టీ కొట్టు దగ్గర పావుగంట ఆగితే ఆ చుక్క ఊరికే ఉండదు, చుట్టూ తిరుగుతుంది, ఆ తిరుగుడంతా దూరంలో కలుస్తుంది, మనం ఆగితే రికార్డింగూ ఆగే ఆటో పాజ్ పెట్టుకోకపోతే ఇంకా ఎక్కువ. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: బ్యాటరీ మిగల్చడానికి కొన్ని వాచ్‌లు చుక్కలు దూరం దూరంగా పెడతాయి, మలుపుల దారిలో మలుపు కోసేసి అడ్డంగా గీత గీస్తాయి కాబట్టి దూరం తగ్గిపోతుంది. 62కీ 63.1కీ మధ్య తేడా రెండు శాతం కూడా లేదు. దాని గురించి టెన్షన్ పడకండి, స్నేహితుడితో పందేలు కాయకండి.

నిజంగా కచ్చితమైన దూరం కావాలంటే జీపీఎస్ మార్చడం కాదు, చక్రానికి సెన్సర్ పెట్టుకోవాలి. చక్రం మధ్యలో హబ్‌కి రబ్బరు పట్టీతో బిగించే చిన్న బిళ్ల అది, బ్లూటూత్‌లో ఫోన్‌కి కలుస్తుంది, చాలా సైకిల్ కంప్యూటర్లు కూడా దాన్ని పట్టుకుంటాయి. టైరు చుట్టుకొలత మాత్రం పట్టికలో చూసి వేయొద్దు. 700x25 టైరుకి పట్టికల్లో 2105 మిల్లీమీటర్లు అని ఉంటుంది గానీ మీ గాలి ఒత్తిడీ మీ బరువూ ఆ పట్టిక రాసినవాడికి తెలియవు కదా. వాల్వ్ నేలకి దగ్గరగా ఉన్నప్పుడు సుద్దతో గీత పెట్టి, సైకిల్ మీద మీరే కూర్చుని, చక్రం ఒక్క చుట్టు తిరిగేలా ముందుకి కదిలి, మళ్లీ గీత పెట్టి టేపుతో కొలవండి. ఆ అంకె వేస్తే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో కూడా సరిపోతుంది.

ఎత్తు దగ్గరికొస్తే కథ వేరు. జీపీఎస్‌కి ఎత్తు ఎప్పుడూ బలహీనతే, ఎందుకంటే ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కాళ్ల కింద నుంచి సిగ్నల్ ఇచ్చేది ఏదీ లేదు. అడ్డంగా ఉండే తప్పు కంటే నిలువు తప్పు ఒకటిన్నర, రెండు రెట్లు ఉంటుంది. సముద్రం ఒడ్డున చదునుగా వెళ్లే రోడ్డు మీద కూడా ఆ అంకె మూడు మీటర్లు పైకీ మూడు కిందకీ ఊగుతూ ఉంటే, కొన్ని యాప్‌లు ఆ ఊగినదంతా మీరు ఎక్కినట్టే కూడేస్తాయి. 410 అలా వచ్చి ఉండొచ్చు. కొన్ని యాప్‌లు పరికరం చెప్పిన ఎత్తు పక్కన పడేసి మ్యాప్‌లో ఉన్న భూమి ఎత్తు తీసుకుంటాయి, అందుకే ఒకే ఫైలు రెండు చోట్ల ఎక్కిస్తే రెండు అంకెలు వస్తాయి.

బారోమీటర్ ఉన్న పరికరాలు ఎక్కడం దిగడం చాలా బాగా పట్టుకుంటాయి, చిన్న ఎత్తు కూడా వదలవు. కానీ అవి కొలిచేది గాలి ఒత్తిడిని. సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ ఒత్తిడి తగ్గితే సుమారు 8 మీటర్లు ఎక్కినట్టు లెక్క. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం మన వైపు వస్తున్న రోజున పొద్దున్నుంచి సాయంత్రానికి ఒత్తిడి 8 హెక్టోపాస్కల్స్ పడిపోయిందనుకోండి, మీరు ఇంట్లో మంచం మీద కూర్చున్నా పరికరం అరవై మీటర్లకి పైగా ఎక్కేశారంటుంది. అలాంటి రోజు సైకిల్ ఎందుకు తీశారని నేను అడగను లెండి. ఇంకోటి, బారోమీటర్‌కి గాలి వెళ్లే చిన్న కన్నం ఉంటుంది, అందులో చెమట గానీ వాన నీరు గానీ చేరితే కొండెక్కుతున్నా అంకె కదలదు. మంచినీళ్లలో ముంచి దులిపి ఆరబెట్టండి, సూది పెట్టి పొడవకండి.

కళింగపట్నం బీచ్‌లో నిలబడి ఉపగ్రహాల వివరాలు చూపించే యాప్ తెరిస్తే ఎత్తు మైనస్‌లో, అదీ పదుల మీటర్లలో చూపించడం చాలామందిని భయపెడుతుంది, ఫోన్ పాడైందనుకుంటారు. పాడవలేదు. జీపీఎస్ భూమిని నున్నటి దీర్ఘగోళంగా లెక్కకట్టి దాని నుంచి ఎత్తు చెప్తుంది, అసలు సముద్ర మట్టం ఆ నున్నటి లెక్కకి సరిగ్గా ఆనదు. మన దేశం చుట్టుపక్కల అది ఆ లెక్క కంటే బాగా కిందికి ఉంటుంది, శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో అయితే వంద మీటర్లు దాటి కిందికి ఉంటుంది. మంచి యాప్‌లూ గార్మిన్ లాంటి పరికరాలూ ఆ దిద్దుబాటు తామే చేసి చూపిస్తాయి, పచ్చి అంకె చూపించేవి చెయ్యవు.

ఇప్పుడు ఫోన్‌ని దారికి తెచ్చుకోవడం. రైడ్ రికార్డు చేశాక చూస్తే మధ్యలో పది కిలోమీటర్లు చెరువుల మీదుగా తిన్నగా గీత గీసినట్టు వస్తే అది జీపీఎస్ తప్పు కాదు, ఫోన్ బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడుస్తున్న యాప్‌ని చంపేసింది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ జబ్బు బాగా ఎక్కువ. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసెయ్యండి, లొకేషన్ అనుమతి స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా ఉండేలా పెట్టండి, రైడ్‌లో బ్యాటరీ సేవర్ ఆన్ చెయ్యకండి. నా దగ్గరికి వచ్చే జీపీఎస్ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తీరిపోతాయి. బ్యాటరీ తినేది స్క్రీను, దాన్ని ఆపి ఫోన్ జేబులో పెట్టుకుంటే సాయంత్రం దాకా వస్తుంది. జేబు అంటే జెర్సీ వెనక జేబు మంచిది, ఆకాశం వైపు ఉంటుంది. బ్యాగు అడుగున నీళ్ల సీసా కింద పెడితే సిగ్నల్ దెబ్బతింటుంది, నీళ్లూ మన ఒళ్లూ రెండూ ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి.

సెల్ సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు అనే మాట మన దగ్గర ఇంకా వినిపిస్తోంది. తప్పు. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయం చెప్తుంటాయి, ఫోన్ ఊరికే వింటుంది, కనీసం నాలుగు వినపడితే చోటు లెక్క కడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని కూల్చినప్పుడు కరెంటు పోయింది, టవర్లు పోయాయి, జీపీఎస్ మాత్రం ఎప్పట్లాగే ఉంది. నెట్ లేకపోతే పోయేవి రెండు. ఒకటి మ్యాపు బొమ్మ, దానికి ఇంటి దగ్గరే ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ వేసుకుని మన రాష్ట్రమూ ఒడిశా దింపుకోండి, ఒడిశా ఎందుకంటే పాతపట్నం దాటితే అటే పోతారు. రెండోది మొదటి లాక్‌కి, అంటే ఆన్ చేశాక మొదటిసారి చోటు దొరకడానికి పట్టే టైము. ఉపగ్రహం తన కక్ష్య వివరాలు సెకనుకి 50 బిట్ల చొప్పున నత్తనడకన పంపిస్తుంది, ఒక ఉపగ్రహం వివరాలకే అర నిమిషం, అన్నిటి పట్టికకి 12.5 నిమిషాలు పడుతుంది. నెట్ ఉంటే ఫోన్ అవన్నీ సర్వర్ నుంచి క్షణాల్లో తెచ్చుకుంటుంది. అందుకే ఊళ్లో సిగ్నల్ ఉండగానే లొకేషన్ ఆన్ చేసి, చుక్క కుదురుకున్నాక రికార్డింగ్ మొదలుపెట్టండి. స్టార్ట్ నొక్కేసి వెంటనే తొక్కడం మొదలెడితే మొదటి అర కిలోమీటరు పక్క వీధిలో పడుతుంది.

సిగ్నల్ ఎక్కడ చెడుతుంది అంటే, మన కొబ్బరి తోటల్లో పెద్దగా చెడదు, ఆకుల మధ్య ఆకాశం బాగానే కనిపిస్తుంది. పలాస వైపు దట్టమైన జీడి తోటల్లో, అదీ వాన పడి ఆకులు తడిసి ఉన్నప్పుడు చెడుతుంది. సాలిహుండం కొండ లాంటి చోట ఒక పక్క వాలు ఆకాశాన్ని మూసేస్తుంది. పట్నంలో ఎత్తయిన గోడల మధ్య అయితే సిగ్నల్ గోడకి తగిలి తిరిగొచ్చి ఫోన్‌ని మోసం చేస్తుంది. ఇక్కడే కొత్త ఫోన్లకీ పాతవాటికీ తేడా తెలిసేది: ఎల్1తో పాటు ఎల్5 అనే రెండో ఫ్రీక్వెన్సీ వినేవి అలా తిరిగొచ్చిన సిగ్నల్‌ని బాగా కనిపెడతాయి. జీపీఎస్‌టెస్ట్ అని ఉచిత యాప్ ఉంది, మీ ఫోన్ ఏ దేశపు ఉపగ్రహాలు వింటోందో, ఏ ఫ్రీక్వెన్సీలో వింటోందో జెండాలతో సహా చూపిస్తుంది. అందులో మన ఇస్రో నావిక్ ఉపగ్రహాలు కూడా కనిపిస్తే సంతోషించండి, 2013 జులై 1న శ్రీహరికోట నుంచి మొదటిది వెళ్లింది, 2023 మే 29న పంపిన ఎన్వీఎస్-01 నుంచి ఎల్1లో కూడా సిగ్నల్ ఇస్తున్నారు. నావిక్ కోసమే ఫోన్ మార్చమని మాత్రం చెప్పను, పంపినవాటిలో కొన్నిటి అణు గడియారాలు పాడయ్యాయి, అది ఒక్కటే మీకు దారి చూపించదు.

ఇంత చెప్పాక, సైకిల్ కంప్యూటర్ ఎవరికి కావాలి? వారానికి రెండు మూడు సార్లు తొక్కుతూ, ఎండలో స్క్రీన్ చూడాల్సినవాళ్లకి. ఏప్రిల్ ఎండలో హ్యాండిల్ మీద ఫోన్ పది గంటలకల్లా వేడెక్కి వెలుతురు తగ్గించేసుకుంటుంది, అప్పుడు ఏమీ కనపడదు. కంప్యూటర్ల స్క్రీన్ ఎండ ఎంత పడితే అంత బాగా కనపడేలా చేస్తారు. పైగా రోడ్డు అదురు ఫోన్ కెమెరాకి మంచిది కాదు, మోటార్ సైకిల్ అదురు ఐఫోన్ కెమెరాని దెబ్బతీయొచ్చని ఆపిలే 2021లో హెచ్చరించింది, మన ఊరి రోడ్ల మీద సైకిల్ అదురూ తక్కువేం కాదు. ఐజీపీస్పోర్ట్, ఎక్సాస్, బ్రైటన్ లాంటి కంపెనీల చిన్నవి మీ బడ్జెట్‌లో సగంలోపే దొరుకుతాయి, వేగం, దూరం, ఒక సన్నని గీతగా దారి చూపిస్తాయి. పెద్ద గార్మిన్ ఎడ్జ్‌లు పూర్తి మ్యాప్ చూపిస్తాయి, దారి తప్పితే మళ్లీ లెక్కకట్టి చెప్తాయి, కానీ మీ ఆదివారం రైడ్‌లకి ఆ డబ్బు దండగ. బ్రెవె, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, తొక్కే ఆలోచన ఉంటే అప్పుడు ఆలోచించండి, 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు గడువు కాబట్టి దారి చూపిస్తూ అన్ని గంటలు నిలిచే బ్యాటరీ ఉందో లేదో చూసుకోవాలి, డబ్బా మీద రాసిన గంటల్లో మూడో వంతు తీసేసి లెక్క వేసుకోండి. బీచ్ రైడ్ తర్వాత తడి గుడ్డతో తుడవండి, ఉప్పు గాలి ఛార్జింగ్ పిన్నుల్ని తినేస్తుంది. ఐపీఎక్స్7 అని రాసుంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం, ఉప్పు నీళ్ల గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

గార్మిన్ ఈట్రెక్స్ లాంటి చేతి పరికరం సైకిల్‌కి అక్కర్లేదు. రోజుల తరబడి కొండల్లో నడిచేవాళ్లకి, మహేంద్రగిరి లాంటి చోట్లకి వెళ్లేవాళ్లకి అది బంగారం, రెండు పెన్సిల్ సెల్స్ మార్చుకుంటే చాలు మళ్లీ నడుస్తుంది, కింద పడినా ఏమీ కాదు. పాతది ఎవరైనా అమ్ముతుంటే మొదట తేదీ సరిగ్గా చూపిస్తోందో లేదో చూడండి. జీపీఎస్ వారాల లెక్క 1024 వారాలకోసారి సున్నాకి వస్తుంది, 2019 ఏప్రిల్ 6న అలా తిరిగింది, అప్‌డేట్ లేని పాత పరికరాలు ఇప్పటికీ ఇరవై ఏళ్ల వెనక తేదీ చూపిస్తుంటాయి. చోటు సరిగ్గానే చెప్పొచ్చు గానీ రికార్డు ఫైళ్లన్నీ పనికిరాకుండా పోతాయి.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. విదేశాల్లో ఉన్న బంధువు ఎవరైనా ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ మెసేజ్‌లు పంపే పరికరం తెస్తానంటే వద్దనండి. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లూ అలాంటి పరికరాలూ పెట్టుకోవడం నేరం, వాటితో పట్టుబడిన విదేశీ పర్యాటకులు కేసుల్లో ఇరుక్కున్నారు. జీపీఎస్ ఊరికే వినేది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు, ఆకాశంలోకి మాట్లాడే పరికరంతోనే గొడవ.

దారులు ఎంచుకోవడం గురించి ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఎవరో తమ దారి రికార్డు చేసి ఎక్కించిన జీపీఎక్స్ ఫైలు దింపుకుని వెళ్లేటప్పుడు అది ఏ నెలలో రికార్డు చేశారో చూడండి. మే నెలలో నాగావళి, వంశధార ఇసకలో మనుషులూ బళ్లూ దాటే బాటలు ఉంటాయి, మ్యాప్ యాప్‌లు వాటినీ రోడ్లనుకుంటాయి, ఆగస్టులో అక్కడ నది ఉంటుంది. పొలాల్లో బళ్ల దారి అని మ్యాప్‌లో ఉన్నది ఉభాలు, అంటే వరి నాట్లు, అయిపోయాక సైకిల్ చక్రం పట్టని గట్టు అవుతుంది. అందుకే దారి గీసుకున్నాక ఉపగ్రహ చిత్రంలో నది దాటే ప్రతి చోటా పెద్దది చేసి చూడండి, వంతెన నీడ కనిపించాలి. కనిపించకపోతే ఆ ఊళ్లో టీ కొట్టు దగ్గర అడగండి, ఆ మాట ఏ యాప్ కంటే తాజాది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కదా, రాజాం విజయనగరంలోకీ పాలకొండ పార్వతీపురం మన్యంలోకీ వెళ్లాయి, పాత మ్యాపుల్లో జిల్లా పేరుతో వెతికితే దొరక్కపోతే అది కారణం. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు స్కాన్ చేసి వాడే సరదా ఉంటే, అవి ఎవరెస్ట్ అనే పాత కొలత మీద గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్84, దిద్దకుండా పైన పరిస్తే వందల మీటర్లు జరిగిపోతుంది.

రికార్డులు అందరికీ కనిపించేలా పెట్టేటప్పుడు ఇంటి చుట్టూ దాచే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. రైడ్‌లు రికార్డు చేసే స్ట్రావా యాప్ పెట్టిన మ్యాపులో 2018లో సైనిక స్థావరాల దారులే బయటపడ్డాయి, మన ఇల్లూ మనం రోజూ బయలుదేరే టైమూ ఎంత.

ఇక జియోకాషింగ్. అమెరికా ప్రభుత్వం 2000 మే 2న జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తప్పుని ఆపేసింది, అప్పటిదాకా వంద మీటర్లు అటూ ఇటూగా ఉన్నది ఒక్కసారి పదుల్లోకి వచ్చింది. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలో అడవిలో ఒక బకెట్ పెట్టి దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో రాశాడు, ఆట అక్కడ మొదలైంది. ఎవరో డబ్బా దాస్తారు, మీరు చోటు చూసుకుని వెళ్లి వెతికి, లోపలి కాగితం మీద పేరు రాసి, ఉన్నచోటే ఉన్నట్టే పెట్టేసి వస్తారు. వెతకడం ఎంత కష్టం, చేరడం ఎంత కష్టం అని రెండిటికీ 1 నుంచి 5 దాకా నక్షత్రాలు ఇస్తారు. అధికారిక యాప్ ఉచితంగా కొన్నే చూపిస్తుంది, ఆండ్రాయిడ్‌లో సి:జియో అని ఇంకోటి ఉంది.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అంకెలు రాసే పద్ధతిలో. ఈ ఆటలో డిగ్రీలూ, దశాంశ నిమిషాలూ వాడతారు, ఉదాహరణకి ఉత్తరం 18° 17.456, తూర్పు 83° 54.000. ఇది శ్రీకాకుళం ఊళ్లో చోటు. దీన్నే ఎవరైనా 18.17456, 83.54000 అని మామూలు మ్యాప్‌లో కొడితే దక్షిణానికి 13, పడమరకి 38 కిలోమీటర్లు జరిగిపోయి మీ విజయనగరం జిల్లా పొలాల్లో తేలతారు. సరిగ్గా మారిస్తే అది 18.29093, 83.90000. నిమిషాలని 60తో భాగించి డిగ్రీలకి కలపాలి, అంతే లెక్క. నిమిషాల మూడో దశాంశ స్థానంలో ఒక అంకె మారితే మన దగ్గర సుమారు 1.8 మీటర్లు, కాబట్టి ఆ చివరి అంకె కోసం గుడ్లు మిటకరించకండి.

పది మీటర్లకి దగ్గరయ్యాక ఫోన్ జేబులో పెట్టెయ్యండి. దాచినవాడి పరికరానికి ఐదు మీటర్ల తప్పు, మీదానికి ఐదు, ఇంక బాణం గుర్తు చూస్తూ గిరగిరా తిరగడమే. నేనైతే ఎక్కడ దాస్తాను అని ఆలోచించండి, చెట్టు మొదలు, కల్వర్టు గోడ వెనక, సహజంగా లేని రాళ్ల పేర్పు. రాళ్ల సందులో నేరుగా చెయ్యి పెట్టకండి, ముందు కర్రతో కదపండి, ఇది పాముల దేశం. పొలం గట్టు మీద మీరు తిరుగుతుంటే ఎవరో ఒకరు వస్తారు, "ఏటి బావూ ఎతుకుతున్నారు, ఏటైనా పడిపోనాదా?" అని. దాచకుండా చెప్పెయ్యండి, ఇదొక ఆట అని ఫోన్ చూపించండి. అబద్ధం చెప్తే అనుమానం పెరుగుతుంది, నిజం చెప్తే వాళ్లే వెతికి పెడతారు.

మన రెండు జిల్లాల్లో యూరప్‌లోలా వీధికొకటి ఉంటాయని ఆశ పెట్టుకోకండి, మీరే దాచాల్సి రావొచ్చు. దానికి నియమాలున్నాయి: తవ్వి పాతిపెట్టకూడదు, స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి, ఇంకో డబ్బాకి 161 మీటర్ల దూరం ఉండాలి, తర్వాత దాని బాగోగులు మీరే చూడాలి. వీటికి మన ఊరి నియమాలు నేను కలుపుతాను. ఆమదాలవలస స్టేషన్ లాంటి చోట్లా, బస్టాండులోనూ, గుళ్ల దగ్గరా డబ్బా పెట్టారా, సాయంత్రానికి బాంబు స్క్వాడ్ వస్తుంది. సాలిహుండం, ముఖలింగం లాంటి రక్షిత కట్టడాల రాళ్ల జోలికి అసలు వెళ్లకండి. లోపల ఏముందో బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా వాడి, పైన తెలుగులో ఇది ఆట కోసం పెట్టింది అని రాయండి. ఇనుప డబ్బా ఒక్క వానాకాలంలో తుప్పు, పెన్ను సిరా చెమ్మకి చెదురుతుంది, పెన్సిల్ పెట్టండి. చోటు అంకెలు ఒక్కసారి తీసి రాసెయ్యకుండా వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గంటల్లో తీసి సగటు వెయ్యండి, ఉపగ్రహాల అమరిక మారుతుంటుంది కాబట్టి తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

డబ్బాలు దొరక్కపోతే ఇంకో ఆట ఉంది, నాకు దీనికంటే అదే ఇష్టం. అక్షాంశం, రేఖాంశం రెండూ పూర్ణాంకాలుగా కలిసే చోటుకి వెళ్లి ఫోటోలు తీయడం, 1996లో అలెక్స్ జారెట్ మొదలుపెట్టిన డిగ్రీ కన్‌ఫ్లుయెన్స్ ప్రాజెక్ట్ అంటారు. మనకి దక్షిణాన 18, 84 సముద్రంలో పడింది, 19, 84 పర్లాకిమిడికి ఉత్తరాన ఒడిశా గజపతి జిల్లా వైపు. మీకు దగ్గరిది 18, 83. శృంగవరపుకోట నుంచి నైరుతిగా నేరుగా గీత గీస్తే సుమారు 20 కిలోమీటర్లు, అనకాపల్లి జిల్లా దేవరాపల్లి వైపు. ఆ చోటుకి 100 మీటర్ల లోపు చేరి, నాలుగు దిక్కులా నాలుగు ఫోటోలూ, సున్నాలు కనిపించేలా జీపీఎస్ స్క్రీన్ ఫోటో ఒకటీ తీయాలి. స్క్రీన్ మీద సున్నాలన్నీ వరసగా రావడానికి అడుగు ముందుకీ అడుగు వెనక్కీ వేస్తూ మీరు చేసే నాట్యం చూసి రైతు నవ్వుతాడు, నవ్వనీయండి. ఎవరి చేలోనైనా అడుగు పెట్టేముందు అడగండి, పంట నిలబడి ఉన్న నెలల్లో కాకుండా కోతలయ్యాక వెళ్లండి, దీనికి మీ ఫోన్ సరిపోతుంది.